మార్గశిరపు మంచులో మూడో గొంతు

నాకు దెయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. పదేళ్లు బొగ్గింజన్లలో ఫైర్‌మన్‌గా చేశాను. శ్మశానం పక్కన గంటల తరబడి బండి ఆగినా తువ్వాలు పరుచుకుని కునుకు తీసినవాణ్ణి. అలాంటి నాకే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

అరవైల చివర మా విజయనగరం వైపు డీజిల్ ఇంజన్లు రావడం మొదలైంది. శిక్షణ ఇచ్చి నన్ను డీజిల్ అసిస్టెంటుగా వేశారు. ఇక బొగ్గు ఎగదోసే పని లేదు. డ్రైవరు పక్కన కూర్చుని సిగ్నళ్లు చూసి చెప్పాలి.

మా అమ్మ తమ్ముడు అప్పన్న మావ బొగ్గింజను డ్రైవరుగా రిటైరై బొబ్బిలిలో ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. నిప్పుల వెలుగు చూసి చూసి కళ్లు మసకబారాయి. డీజిల్ వచ్చిందని తెలిసి, "ఒక్కపాలి నన్నెక్కించరా, ఎలాగుంటాదో సూస్తాను" అని అడిగాడు. రూల్సు ఒప్పుకోవన్నాను. అది నిజమే. అక్కడితో ఊరుకోక, నీ కళ్లకి అందులో ఏం కనిపిస్తుందిలే అని కూడా అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. నాతో మాటలే తగ్గించేశాడు.

ఆ మార్గశిరంలో ఓ రోజు తెల్లవారాక విజయనగరం నుంచి గూడ్సు తీసుకుని బయలుదేరాం. డ్రైవరు సన్యాసిరావు గారు. అప్పుడే ఆయన కళ్లజోడు కాడ విరిగితే, దారంతో చెవికి కట్టుకున్నారు.

గజపతినగరం దాటేసరికి మంచు కమ్మేసింది. చేలు లేవు, కొండలు లేవు. తాటిచెట్ల తలలు మాత్రం తెల్లటి నీళ్లలో తేలుతున్నట్టు వచ్చి పోతున్నాయి. ఇంజను లోపల గోరువెచ్చగా ఉంది. ఒకటే హోరు. మేలుకునే ఉన్నాను. కానీ మేం కదులుతున్నామో, చెట్లే మమ్మల్ని దాటిపోతున్నాయో తెలియలేదు.

బొబ్బిలికి ఇవతల ఓ చిన్న స్టేషను ముందు పట్టాలు కుడికి వంపు తిరుగుతాయి. అక్కడి సిగ్నలు డ్రైవరుకి కనబడదు, నావైపుకే కనబడుతుంది. సిగ్నలు చెయ్యి కిందికి వాలితే దారి ఉన్నట్టు, అడ్డంగా ఉంటే ఆగాలి. రోజూ ఆ వేళకి అది దిగే ఉంటుంది. మంచులో వాలిన చెయ్యి కనిపించింది. "దిగింది" అన్నాను.

నా భుజం వెనక నుంచి ఎవరో నింపాదిగా, "దిగనేదు" అన్నారు.

సన్యాసిరావు గారు బ్రేకు వేసేశారు. బండి ఈడ్చుకుంటూ వెళ్లి ఆగింది. ఆయన వెనక్కి తిరిగి, "ఎవలది?" అన్నారు. మా వెనక కరెంటు పెట్టె, దాని పక్కన మూసిన తలుపు. అంతే.

దిగి నడిచి చూశాను. నేను చెయ్యి అనుకున్నది వేలాడుతున్న ఎండు తాటిమట్ట. అసలు సిగ్నలు దాని వెనక, దిగకుండా అడ్డంగానే ఉంది. మంచు కాస్త విడిచాక, స్టేషన్లో మా లైను మీదే నిలబడి ఉన్న పాసింజరు బండి కనిపించింది. జనం పిల్లల్నీ గంపల్నీ దింపుకుంటున్నారు. కంకర మీదే చతికిలబడ్డాను.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. మావ పోయాడనే అనుకున్నాను. బొబ్బిలిలో బండి ఇంకొకరికి అప్పగించగానే ఆయన ఇంటికి పరుగెత్తాను.

మావ బతికే ఉన్నాడు. గొంగళి కప్పుకుని గంజి తాగుతున్నాడు. పొద్దుట ఎంత లేపినా లేవలేదని, భయపడి ఏడ్చానని, ఇందాకే కళ్లు తెరిచాడని అత్త చెప్పింది. నేనింకా నోరు విప్పలేదు. ఆయనే అడిగాడు.

"మీ డ్రైవరెవలురా, కళ్లజోడు దారంతో కట్టుకున్నాడు?"

సన్యాసిరావు గారిని ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. పాదాలు పట్టుకుని, ఆ రోజు అలా అన్నందుకు క్షమించమన్నాను. మావ గిన్నె కింద పెట్టి నా తల నిమిరాడు.

"బొగ్గు ఎయ్యకపోతే నిద్దరొచ్చేస్తాది గావాల" అన్నాడు.

కొన్నాళ్ల తర్వాత మళ్లీ అడిగితే, ఆ పొద్దుటి సంగతి ఏమీ గుర్తులేదన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు.

ఆ వేసవిలో సన్యాసిరావు గారిని మావ దగ్గరికి తీసుకెళ్లాను. కూర్చోమని, ఏ ఊరని మావ అడిగాడు. ఆ గొంతు వినగానే సన్యాసిరావు గారు లేచి నిలబడి చేతులు జోడించారు. మావకి ఎందుకో అర్థం కాలేదు. ఆయన కూడా లేచి, సరిగ్గా కనిపించని ఆ మనిషికి తిరిగి దండం పెట్టాడు.

వాళ్లిద్దరూ అలా నిలబడి ఉంటే నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అది ఎలా జరిగిందో ఆ రోజు మా ముగ్గురికీ తెలియదు. ఈ రోజుకీ నాకు తెలియదు.