ఎడమకు తిరిగే సూది

పెద్దకడుబూరు ఎర్రిస్వామి ఆదోనిలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అటెండరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో పగలగొట్టానని ఒప్పుకున్నవి రెండు థర్మామీటర్లు, ఒక ప్రిజం. పగలగొట్టి పిల్లల మీదికి నెట్టినవెన్నో చరిత్రకు తెలియదు. ఊళ్లో మాత్రం ఆయన సైంటిస్టే. ఫ్యాను తిరగకపోయినా, బర్రె ఈనకపోయినా ఆయనకే కబురొస్తుంది.

ఆయన గురువు అదే కాలేజీలో ఫిజిక్సు చెప్పే చంద్రమౌళి సారు. పత్తి వ్యాపారుల ఇంట పుట్టి ఫిజిక్సులో దిగిన మనిషి. ఆ నష్టం నుంచి ఆ వంశం ఇంకా కోలుకోలేదు. సారు బేరియం టైటనేటు అనే తెల్లపొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి, రూపాయంత బిళ్ల చేశాడు. రెండు ముఖాలకూ పలచగా వెండి పూసి, వేడినూనెలో ముంచి, రెండువేల వోల్టులు పెట్టి, అట్లాగే చల్లారనిచ్చాడు.

"ఇప్పుడు దీని లోపలిదంతా ఒకే దిక్కుకు తిరిగి నిలబడిందప్పా" అన్నాడు. "మిద్దె మీది సోలార్ పలకకు రెండు రకాల పొరలు కావాల. దీనికి అక్కర్లేదు. ఎండ సోకితే తానే కరెంటిస్తాది. మనం ఎటు తిప్పి నిలబెడితే కరెంటు అటే."

"ఆ దిక్కు దానికి ఎన్నాళ్లు గుర్తుంటాది సార్?" అని అడిగాడు ఎర్రిస్వామి.

"నూట ఇరవై డిగ్రీల వేడి తగలనంత కాలం. తగిలిందా, అంతా మరిచిపోతాది. పొయ్యికి దూరంగా పెట్టు."

బిళ్లను కిటికీ పక్కన ఇత్తడి పలక మీద పెట్టి, పైన సన్నటి తీగ ఆనించి, సున్నా నడిమధ్యన ఉండే మీటరుకు కలిపాడు. ఆ కిటికీకి అద్దం లేదు. యాజమాన్యం పదేళ్లుగా వేయిస్తూనే ఉంది. పొద్దున తొమ్మిదికి ఎండ బిళ్లను తాకుతుంది. సూది ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. అది వేడి పని, లెక్కలోకి రాదనేవాడు సారు. ఆ తర్వాత ఎడమకు మూడు గీతలు జరిగి నిలిచిపోతుంది. ఎడమపక్కనే సారు కుర్చీ.

శ్రావణంలో సారు గుండెపోటుతో పోయాడు. సూదికి ఆ కబురు అందలేదు. తొమ్మిదైతే, ఖాళీ గదిలో, ఎవరూ ముట్టకుండానే, కుర్చీ వైపు మూడు గీతలు.

ఊడ్చే కృపమ్మ లోపలికి రావడం మానేసింది. "పండుకున్నోళ్లు తల తిప్పి సూసినట్టుంటాదన్నా. నేను వసారా ఊడుస్తా, సాలు."

ఎర్రిస్వామి నవ్వాడు. నవ్వి, తొమ్మిదికి తానూ గడప ఇవతలే నిలబడ్డాడు.

దసరాకు ముందు సారు భార్య సుబ్బలక్ష్మి ఫోన్ చేసింది. "ఆయన చేత్తో చేసినది ఆ బిళ్లొక్కటే మిగిలింది ఎర్రిస్వామీ. ఇన్నేండ్లు వచ్చి చూడమన్నాడు, నేనే రాలేదు. పండగ మర్నాడు, ఏకాదశి పొద్దున వస్తా. చూపిస్తావా?"

"సూపిస్తానమ్మా. నాది పూచీ."

నవమినాడు ఆయుధపూజ. వోల్టుమీటర్లకు ఒక్కో బొట్టు, లెన్సులకు ఒక్కో బొట్టు, ఏనాడూ పని చేయని ఆసిలోస్కోపుకు పెద్దరికం కొద్దీ రెండు. సారు బిళ్లకు ప్రత్యేక మర్యాద: తీగ తొలగించి, బిళ్లను ఆనించి గుప్పెడు కర్పూరం పోసి వెలిగించి, కళ్లు మూసుకుని దండం పెట్టాడు. పొయ్యికి దూరంగా పెట్టమన్న మాట ఆయన మరవలేదు. హారతి పొయ్యి ఎట్లవుతుంది? దేవుడి వెలుగుకు డిగ్రీలుంటాయని ఎవరికి మాత్రం తోస్తుంది?

దశమి పొద్దున తీగ మళ్లీ ఆనించాడు. ఎండ వచ్చింది. సూది ఉలిక్కిపడలేదు, జరగలేదు. ఇన్నాళ్లూ అది కదిలితే భయపడ్డ కృపమ్మ, కదలకపోవడం చూసి గడప దగ్గరే కూలబడింది. "సారు పోయినాడన్నా!" అని ఏడ్చింది, పోయిన రెండు నెలలకు.

తలుపు మూసి, బిళ్లను మళ్లీ నిలబెట్టాలని ఎర్రిస్వామి నూనె కాచాడు. సారు చెప్పినట్టు వోల్టుల నాబు తిప్పడం ఆయనకు అలవాటే. ఏ ముఖానికి ఏ తీగ పట్టించాలో మాత్రం ఎప్పుడూ సారే చూసుకునేవాడు. ఒకటి అనుకుని పట్టించాడు. "రెండువేలకు పోతాండా సార్" అని అలవాటు కొద్దీ కుర్చీకి చెప్పాడు. జవాబు రాలేదు. ఆ రోజుకు దక్కిన ఊరట అదొక్కటే.

ఏకాదశినాడు సుబ్బలక్ష్మి వచ్చి సారు కుర్చీలో కూర్చుంది. ఎర్రిస్వామి బల్లకు కుడిపక్క నిలబడ్డాడు. తొమ్మిదైంది. సూది ఉలిక్కిపడింది. కుడికి మూడు గీతలు జరిగి నిలిచింది.

"ఎడమకని చెప్పేవాడే ఆయన" అందామె. "ఇది నీ తట్టు తిరిగిందే?"

బిళ్లను తిరగేసి పెడితే ఎడమకే వస్తుంది. ఆ సంగతి ఈ లోకంలో తెలిసినవాడు తానొక్కడే. ఎర్రిస్వామి చెయ్యి పలక దాకా పోయి ఆగింది.

"ఇది నేను నిలబెట్టిందమ్మా. సారుది పోయింది. పూజలో హారతి తగిలించినా. నూట ఇరవై డిగ్రీలకే అంతా మరిచిపోతాదని సారు సెప్పనే సెప్పినాడు. తప్పయిపాయె."

ఆమె కోప్పడలేదు. సూదిని చాలాసేపు చూసింది.

"హారతి వేడికే అంతా మరిచిపోయిందా?"

"హారతి వేడికేనమ్మా."

"ఆయన్ను కట్టెల మీద పెట్టినాము గదప్పా" అంది.

ఎండ కిటికీ దాటిపోయింది. సూది మెల్లగా సున్నాకు వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడింది.