మూడు నెలలు ఆగమన్న కాగితం

నాకు ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా అక్షరం రాదు. అందుకే ఈ సంగతి అప్పట్లో రాయలేదు. ఇంకొకరికి చెప్పి రాయించుకునే సంగతీ కాదు. అక్షరాలు వచ్చాక కూడా కట్టుకున్నవాడి శరీరం గురించి రాయడానికి చాలా ఏళ్లు చేయి ఆడలేదు.

ఆయన మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. క్వింటాలు బస్తాను వీపు మీద వేసుకుని, వాలుగా వేసిన చెక్క ఎక్కి లారీలో పేర్చేవాడు. మాకు ఇద్దరు కొడుకులు. రెండో కాన్పులో నాకు రక్తం ఆగలేదు. మూడోది వస్తే మనిషి దక్కదని, కోత పెట్టడానికి కూడా నా ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటే మగాయనే చేయించుకోవాలంది.

మిల్లులో ఆ మాటెత్తితే నవ్వేవారు. మగవాళ్ల ఆపరేషన్ అంటే కోడెకు విత్తులు కొట్టడం లాంటిదేనని వాళ్ల నమ్మకం. హమాలీకి ఉన్నదే నడుము. అది పోతే అన్నం పోయినట్టే. "ఆపరేషనైనోడు బస్తా లేపుతడా? బస్తానే వాన్ని లేపుతది" అని ఒకాయన అన్నాడట. ఆ మాట మా ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. చెప్పిన కాసేపటికి నవ్వు ఆపేశాడు.

అయినా చేయించుకున్నాడు, నేను బతకాలని. మన ఊళ్లో అయితే ఎవరో ఒకరు చూస్తారని, సూర్యాపేటలో ఒకచోట శిబిరం పెడితే చుట్టాల పెళ్లని చెప్పి అక్కడికి పోయాడు. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కాస్త ఎడంగా వేస్తూ వచ్చాడు. చేతిలో గోలీలు, మడత పెట్టిన అచ్చు కాగితం ఉన్నాయి.

"గిది పెట్టెల పెట్టు. ఎవలకు సూపియ్యకు" అన్నాడు.

ఇద్దరికీ చదువు లేదు. పక్కింట్లో బడికిపోయే పిల్ల ఉంది, మిల్లులో గుమాస్తా ఉన్నాడు. కానీ ఎవరితో చదివించినా ఆపరేషన్ సంగతి మిల్లంతా తెలుస్తుంది. శిబిరంలో నోటితోనూ చెప్పే ఉంటారు. అంతమంది మగవాళ్ల వరసలో తలదించుకుని నిలబడ్డ మనిషి ఏం విన్నాడో, ఏం వినలేదో. కాగితాన్ని చీరల కింద, రేషన్ కార్డు పక్కన పెట్టాను. పది రోజులు జ్వరమని పడుకుని, ఆ తర్వాత పోయి బస్తా ఎత్తాడు. ఎప్పటిలాగే లేచింది. ఆ సాయంత్రం చేపలు తెచ్చాడు.

రెండు నెలలు తిరిగేసరికి నాకు నెల తప్పింది.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నలుగురిలో తిట్టాలంటే ముందు తన ఆపరేషన్ సంగతి బయటపెట్టాలి. ఒక్కసారి మాత్రం ఎవరిదని అడిగాడు. కొడుకుల మీద ఒట్టుపెట్టి, నీదేనన్నాను.

"కోసినంక నాదెట్లయితది?"

నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. ఆ కడుపు ఎలా వచ్చిందో మాత్రం తెలియదు. ఆ రెండూ ఒక్క మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పలేను.

కోదాడ అవతల మా అమ్మగారింట్లో ఆడపిల్ల పుట్టింది. నేను చావలేదు. పిల్లనెత్తుకుని మళ్లీ మిర్యాలగూడ వచ్చాను. పొద్దంతా బస్తాలు మోసిన మనిషి ఆ పిల్లను ఒక్కసారీ ఎత్తుకోలేదు. దానికేమో ఆయనంటే ప్రాణం. ఆయన పనినుంచి రాగానే తలకు చుట్టుకున్న తువ్వాలు అడిగి తీసుకుని, గుమ్మం బయట ఊక దులిపి తెచ్చి ఇచ్చేది. ఆయన తీసుకునేవాడు, మొహం చూసేవాడు కాదు. బడిలో వేసేనాడు నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అన్నాడు:

"నా పేరు రాయించకు."

సంరక్షకుడని మా అన్న పేరు చెప్పి వేలిముద్ర వేసి వచ్చాను.

పిల్ల రెండో తరగతిలో ఉండగా ఆయన ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. చివరి రోజుల్లో అదే నీళ్లు పట్టేది. ఒకరోజు దాని చెయ్యి చాలాసేపు చూశాడు. వేళ్లు అచ్చం ఆయనవే. తర్వాత గోడవైపు తిరిగాడు.

మరుసటి ఏడు మా వాడలో ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పలక పట్టుకుని పోయేదాన్ని. కొన్ని నెలలకు బస్సుల బోర్డులు చదవగలిగాను. ఒకనాడు బడికి పోయే ముందు రేషన్ కార్డు కోసం పెట్టె తెరిస్తే ఆ కాగితం చేతికొచ్చింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. ఆపరేషన్ అయిన వెంటనే ఫలితం ఉండదని, మూడు నెలలపాటు కడుపు రాకుండా వేరే జాగ్రత్త తీసుకోవాలని, తర్వాత వచ్చి వీర్య పరీక్ష చేయించుకోవాలని ఉంది. సరిగానే చదివానా అని మళ్లీ మొదటినుంచి చదివాను.

ఆ మధ్యాహ్నం మా ఆడవాళ్ల బడికి సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చింది. అందరూ పోయాక కాగితం ఆమె ముందు పెట్టాను. నా పలక తీసుకుని బొమ్మ గీసింది. కింద సంచిలో రెండు వృషణాలు, విత్తనం తయారయ్యేది అక్కడే. ఒక్కో దానినుంచి సన్నని గొట్టం పైకి పోతుంది, ఉచ్చబుడ్డ వెనకనుంచి తిరుగుతుంది. అక్కడి గ్రంథులనుంచి వచ్చే నీళ్లే ఎక్కువ భాగం, విత్తనం కంటికి కనిపించనంత కొంచెం. అందుకే కోసినా మగవాడికి తేడా తెలియదట. బలమూ తగ్గదట.

"కాయలను ముట్టరక్కా, గొట్టాన్నే కోస్తరు. తూము బంద్ చేసిన్నాడే కాల్వ ఎండుతదా? కింద నిలిసిన నీళ్లు పారిపోవాలె గదా. కోసినకాడికెళ్లి అవతల నిలిసిన విత్తనం గూడ గట్లనే. దానికి మూన్నెల్లు పడతది."

పెళ్లయిన కొత్తలో ఆయన నేరేడుచర్ల వైపు వరిపొలాలకు నీళ్లు కట్టేవాడు. తూము మూసిన తర్వాత ఏ మడికి ఎంతసేపు నీళ్లొస్తాయో ఊరంతా ఆయననే అడిగేది. ఈ మాట ఆయనకు చెప్పడానికి రెండు నిమిషాలు చాలేవి. ఆ రెండు నిమిషాలూ ఎనిమిదేళ్లు నా చీరల కిందే ఉన్నాయి.

నర్సమ్మ పలక తుడవబోతే తుడవనివ్వలేదు.

తెల్లారి పిల్లకు తల దువ్వి, దానితోపాటు బడికి పోయాను. రిజిస్టరులో తండ్రి పేరు రాయాలని సారుతో అన్నాను. ఏం పేరని అడిగాడు. ఆయన బతికుండగా ఒక్కనాడూ నోటితో అనని పేరు అది. సారు దగ్గర కలం తీసుకుని, చిన్న కాగితం మీద నేనే రాసిచ్చాను.