నా దరఖాస్తు చదివిందెవరు?

యూరప్‌లో ఒక పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టుకున్న నా దరఖాస్తును తిరస్కరించారని ప్రొద్దుటూరులో మా ఇంట్లో, అన్నం ముందు కూర్చుని ఫోన్‌లో చదివాను. పీహెచ్‌డీ అయ్యాక ఇన్నేళ్ల లోపే అన్న నిబంధన ప్రకారం నాకదే ఆఖరి అవకాశం. ఏడుపొచ్చింది. కింద పరిశీలకుల వ్యాఖ్య చూశాక ఏడుపు ఆగిపోయింది. తీరప్రాంతపు వరి రైతుల మీద మంచి ప్రతిపాదనేనట!

నేను రాసింది పులివెందుల చీనీ తోటల గురించి, అంటే బత్తాయి తోటల గురించి. నీళ్లెప్పుడు పెట్టాలో, మందెప్పుడు కొట్టాలో ఏఐ తయారుచేసిన సలహా ఇప్పుడు రైతు ఫోన్‌కు వస్తోంది. దాన్ని రైతు ఎందుకు నమ్ముతాడు, ఎందుకు నమ్మడు అన్నది నా పరిశోధన. వరి అన్న మాటే అందులో లేదు. మనిషన్నవాడు చదివితే ఇలా రాయడు. ఇతరుల దరఖాస్తుల మీద తీర్పును ఏఐకి వదిలేయకూడదని వాళ్ల నియమాల్లోనే ఉంది. మరి నాది చదివిందెవరు? ఒళ్లు మండింది, కానీ తెలుసుకోవాలన్న కుతూహలం అంతకన్నా ఎక్కువైంది. అడగడానికి మాత్రం జంకాను. మా రంగం చిన్నది. గొడవపడే మనిషని పేరు పడితే ఇంకెవరూ పిలవరు.

ఆ వారంలోనే అమ్మ తెగిన గొలుసు కరిగించాలని నన్ను బంగారు అంగళ్ల వీధికి లాక్కెళ్లింది. మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, బంగారం కరిగించే ఆచారి ఎదురుగా స్టూలు మీద బిగుసుకుని కూర్చుంది. మా ఊళ్లో అది మామూలే. సొంతదారు చూస్తుండగానే పాత బంగారం కరగాలి. టీ తాగొద్దాం రమ్మంటే అమ్మ కదల్లేదు.

"ఆయప్ప మీద నమ్మకం లేదా మా నీకు?" అని గొణిగాను.

"లేకుంటే ఈడికెందుకొస్తా? నా సొమ్ము నేను చూసుకోవాల. దానికి ఆయప్ప యాడన్నా కోపం చేసుకుంటాడా?"

ఆచారి నవ్వుతూ మంట పెంచాడు.

ఇంటికెళ్లగానే ఫెలోషిప్ వాళ్లకు మెయిల్ రాశాను. నా దరఖాస్తును మనిషే చదివారా అని అడిగాను, అంతే.

చాలా రోజులకు జవాబొచ్చింది. నియమం తప్పిందని ఒప్పుకుని క్షమించమన్నారు. వేరే పరిశీలకురాలి చేత చదివించారట. ఫలితం మాత్రం మారలేదు. అయితే ఈసారి వ్యాఖ్యల్లో చీనీ ఉంది, పులివెందుల ఉంది. చివర ఆమె ఒక ప్రశ్న వేసింది: సలహాను నమ్మి నష్టపోయిన రైతు ఎవరిని వెళ్లి అడుగుతాడు?

నాకు తట్టనే లేదు ఆ ప్రశ్న.

"వచ్చిందా?" అంది అమ్మ.

"రాలేదు మా. కానీ శానా బాగా చదివినారు."

"చదివితే ఏమొస్తాది?" అని విసుక్కుంది. నాకు మాత్రం సిగ్గు, సంతోషం రెండూ కలిగాయి.

మర్నాడే పులివెందుల బస్సెక్కాను. వానొస్తుంది, నీళ్లు ఆపమన్న ఏఐ సందేశం నమ్మి, ఆ వాన రాక పిందెంతా రాల్చుకున్న రైతు ఒకాయన ఉన్నాడు. ఇంతకుముందు ఆయనతో మాట్లాడాను, సందేశాన్ని ఎందుకు నమ్మాడో అడిగి రాసుకున్నాను. ఇప్పుడు ఆ పరిశీలకురాలి ప్రశ్న అడిగాను.



"నిన్నే అడగాలనుకుంటి మా. నువ్వు రాసుకోని ఎల్లిపోతివి."