టక్ వినబడాల!

‘టక్’మని బెల్టు చప్పుడు చెవిన పడితేగాని లక్ష్మణసామి చేయి కారు తాళం మీదికి పోదు. కోవిల్‌పట్టిలో బాడుగ కారు తోలే ఆ మహానుభావుడు మనుషులకే కాదు, గుమ్మడికాయకూ బెల్టు పెడతాడు. ఒకసారి పిళ్ళైయార్ విగ్రహం ఎక్కిస్తే ఆ వినాయకుడి బొజ్జ మీదుగా బెల్టు లాగి, టక్‌మనిపించాకే కదిలాడు. ఎవరైనా నవ్వితే ఒకటే మాట: “ఫైను ఎవరు కట్టేది?”

ఈ కథలన్నీ విని సత్యప్రియ పడీపడీ నవ్వినదే. ఆ పొద్దున మాత్రం నవ్వు రాలేదు. ఆమె రెండేళ్ళ కూతురు కార్తీశ్వరికి తొమ్మిదిన్నరకు విరుదునగర్ గుడిలో చెవులు కుట్టే ముహూర్తం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా చెవి కుట్టడం వాళ్ళింట ఎరగరు. ఆ మేనమామ, ఆమె తమ్ముడు సతీష్‌కుమార్, పట్టాళంలో సిపాయిగా ఉన్నాడు. మధ్యాహ్నం రైలెక్కితే మళ్ళీ ఏడాదికి గాని రాడు. తీరా బయల్దేరేవేళ లక్ష్మణసామి వెనక సీటులో చిన్నపిల్లల కుర్చీ ఒకటి బిగించి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“బిడ్డ దీంట్లో కూకోవాల.”

సత్యప్రియ అత్త పాపమ్మాళ్ అడ్డం తిరిగింది. “చెవి కుట్టే బిడ్డ ఇల్లు దాటినప్పట్నించీ మామ ఒళ్ళోనే ఉండాల. అది మా వళక్కం, తాతలనాటి ఆచారం రా!”

“వళక్కం గుళ్ళో పెట్టుకో పెద్దమ్మా. కార్లో చట్టం. బ్రేకు కొడితే ఏ మామ చేతులూ నిలవవు.”

“తుపాకి పట్టే చేతులన్నా ఇవి!” అన్నాడు సతీష్.

“తుపాకి ఎక్కించినా బెల్టు పెడతా. ఫైను ఎవరు కట్టేది?”

ఎనిమిదింబావు దాటింది. సత్యప్రియ చప్పున తమ్ముడి భుజం మీది తుండు లాగింది. బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు టక్‌మనిపించి, తుండు బిడ్డ మోకాళ్ళ మీద కప్పింది.

“మామ తుండు ఉంటే మామ ఒడే కదా అత్తా?”

“తుండు జారనీకు మరి,” అని మూతి తిప్పుకుంటూ ఎక్కింది పాపమ్మాళ్.

“టక్!” అని చప్పట్లు కొట్టింది కార్తీశ్వరి.

సాత్తూరు దాటాక మేకల మంద ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. లక్ష్మణసామి బ్రేకు మీద నిలబడ్డాడు. సతీష్ రెండు చేతులా పట్టుకున్న మేనమామ సారె, సీరు తట్ట, ఆ చేతుల్లోంచి ఎగిరి, అరటిపళ్ళు ముందద్దానికి అతుక్కున్నాయి, టెంకాయ లక్ష్మణసామి కాళ్ళ దగ్గర దొర్లింది. కార్తీశ్వరి మోకాళ్ళ మీది తుండైనా చెదరలేదు.

“టక్!” అంది బిడ్డ.

సతీష్ తన చేతుల్ని తానే చూసుకున్నాడు. పాపమ్మాళ్ ఆ ప్లాస్టిక్ కుర్చీకి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

ముహూర్తానికి అందుకున్నారు. మామ ఒళ్ళో కూర్చుని బిడ్డ ఊరంతా వినబడేలా ఏడ్చింది. శివకాశి అచ్చాఫీసు నుంచి నేరుగా వచ్చిన తండ్రి వేల్‌మురుగన్ కారులో సాయంత్రం వాళ్ళు తిరిగిపోవాలి. లక్ష్మణసామి ఎవరికీ చెప్పకుండా కుర్చీ విప్పి అందులో బిగిస్తున్నాడు. దాని వెనక పెన్నుతో పేర్లు: మాడన్, మారిసెల్వి, జెయంతి. వాటి కింద, ఇంకా తడి ఆరని కార్తీశ్వరి.

“వాండ్లంతా పెరిగినారమ్మా. బిడ్డకు చాలినంత కాలం ఉంచుకో. మళ్ళా ఇంకో ఇంటికి పోతాది. నేను వేరేది తెచ్చుకుంటా.”

“ఇది మీ కారు కాదే అన్నా! ఇంక మీకేం ఫైను?” అంది సత్యప్రియ.

లక్ష్మణసామి మెడ గోక్కుని, సతీష్‌ను రైలుకు దింపాలంటూ గబగబా కారెక్కి తాళం తిప్పేశాడు.

తల్లి చంకలో, చెంపల మీద కన్నీళ్ళు ఆరకుండానే, కార్తీశ్వరి బెల్టు లేని అతని ఛాతీ వైపు వేలు చూపి అరిచింది.

“టక్!”