తలుపు తియ్యమన్న గొంతు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అన్నయ్యను నమ్మాను. నా తెలివి ఎంతటిదో చెప్పడానికి ఈ రెండు వాక్యాలు చాలు గానీ, మూడోది కూడా ఉంది: నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. రంగూ వాసనా లేకుండా మనిషిని నిద్రపుచ్చి చంపే వాయువు గురించి ఏటా బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీస్తాను.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. కొత్త కారు కొనుక్కుంటూ పాతది నాకు అమ్మాడు. "నీ కోసం డిక్కీలో కొత్త మ్యాట్ కూడా వేయించానురా" అన్నాడు. నేను మురిసిపోయాను. ఆయన మాత్రం ఆ కారు నడిపినన్నాళ్ళూ, నడి ఎండాకాలంలో కూడా, అద్దాలు దించుకునే నడిపేవాడు. అడిగితే ఏసీ పడదనేవాడు.

మాకు అలా కుదరదు. మా ఇల్లు నల్లపాడులో, అత్తగారిల్లు పొన్నూరులో. మిరప కోతల కాలంలో గుంటూరు దాటేదాకా ముందూ వెనకా మిర్చి టిక్కీల లారీలే, అంటే మిర్చి బస్తాలవి. అద్దం వేలెడు దించితే చాలు, కళ్ళమ్మట నీళ్ళు. అందుకే మా వైపు కారెక్కగానే ఎవరైనా ముందు చేసే పని అద్దాలెత్తడం. తల నొప్పెట్టినా, గొంతు మండినా, కళ్ళు తిరిగినా ఘాటే అనుకుంటాం. అద్దాలు ఇంకాస్త బిగిస్తాం. మేమూ అదే చేశాం.

మొదట విన్నది మా ఆవిడ సుజాత. ఒక ఆదివారం చేబ్రోలు దాటాక ఉలిక్కిపడి వెనక్కి చూసింది. వెనక సీట్లో నిద్రపోతున్న మా నాలుగేళ్ళ పాప తప్ప ఎవరూ లేరు. ఎవరో ముసలామె గొంతు "తలుపు తియ్యమ్మా" అందట. నేను నవ్వాను. తర్వాతి ప్రయాణంలో మళ్ళీ అదే గొంతు, అదే మాట. ఆ తర్వాత సుజాత కారెక్కనని ఏడ్చింది. పుట్టింటికి వెళ్ళమంటే ఏడ్చే ఆడపిల్లను ఇప్పుడే చూస్తున్నానని హాస్యమాడాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ హాస్యం నా నోటికే చేదుగా ఉంటుంది.

సంగతి అన్నయ్య దాకా వెళ్ళింది. "మరదలికి గాలేదో సోకినట్టుందిరా, ఎక్కడైనా చూపించు" అని నాకు చెప్పి, అంతటితో ఊరుకోకుండా చుట్టాలందరికీ చెప్పాడు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు సుజాత పక్కన కూర్చోవడం తగ్గించారు. చంటిపిల్లలను ఆమె చేతికివ్వడం మానేశారు. నేను ఆమెను గుంటూరులో మానసిక వైద్యుడికి చూపించాను. మాత్రలు రాశాడు. దగ్గరుండి మింగించాను.

"ఇంట్లో ఎప్పుడూ వినపడదండీ, కార్లోనే" అని ఆమె చెబుతూనే ఉంది. డాక్టరు వినలేదు. నేనూ వినలేదు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం.

ఒక మధ్యాహ్నం పొన్నూరు బయల్దేరాం. సుజాత మాత్రల మత్తులో ఉంది. నా కణతలు దబదబ కొట్టుకుంటున్నాయి. ఘాటు ఎక్కువగా ఉందనుకున్నాను. అప్పుడు నా సీటు వెనక నుంచి, చెవి దగ్గరే, "తలుపు తియ్యి నాయనా" అని వినపడింది. భయపెట్టే గొంతు కాదు. పొద్దెక్కినా లేవని కొడుకుని లేపే తల్లి విసుగు అందులో ఉంది.

కారాపాను. సుజాత చెయ్యి అప్పటికే తలుపు మీద ఉంది. "విన్నారా?" అంది.

అన్ని తలుపులూ తీశాం. పాప ఎంత లేపినా లేవలేదు. ఎత్తుకుంటే మెడ నిలవలేదు. కాలవ గట్టు మీద పడుకోబెట్టి, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాం. చివరికి కక్కుకుని, కళ్ళు తెరిచి ఏడ్చింది. పొన్నూరులో డాక్టరు వడదెబ్బ అన్నాడు.

మా అత్తగారు దిష్టి అన్నారు. పాపకు తీసి, కారుకూ తీశారు. ఎండుమిరపకాయలు తిప్పి, నిప్పుల బొచ్చెలో వేసి, దాన్ని డిక్కీ కింద పెట్టారు. కాలే మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు లెక్క. ఆ ఘాటు నాకెందుకని నేను అలవాటు కొద్దీ కార్లో దూరి అద్దాలెత్తుకున్నాను.

బయట అత్తగారు ఒక్కసారి కూడా దగ్గలేదు. లోపల నేను దగ్గి దగ్గి, తలుపు తోసుకుని బయటపడ్డాను.

"చూశావటే, ఘాటే లేదు! దిష్టి కాకపోతే ఏంటి?" అన్నారావిడ.

"నీకు రాని ఘాటు, అద్దాలెత్తుకుని కూర్చున్న ఈయనకెలా వచ్చిందమ్మా?" అంది సుజాత.

అడిగింది, మేం మతి సరిగా లేదని మాత్రలు మింగిస్తున్న మనిషి.

తనే వెళ్ళి డిక్కీ తెరిచి ఆ కొత్త మ్యాట్ లాగేసింది. కింద అరచెయ్యంత తుప్పు కన్నం. దాని మీద అద్దిన లప్పం పెచ్చులూడి ఉంది. కన్నంలోంచి సైలెన్సర్ పైపు కనపడింది. పైపు చీలిక మీద రేకు ముక్క చుట్టి, తీగతో కట్టి ఉంది. నిప్పుల బొచ్చె తీయించి, నన్ను ఇంజను ఆన్ చెయ్యమంది. కన్నం మీద చెయ్యి పెట్టి చూసి, తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించింది. వెచ్చని ఊపిరి నా అరచేతిని తడుతోంది. బయటికి పోవలసిన పొగ డిక్కీలోంచి వెనక సీట్లోకి, పాప ముక్కు దగ్గరికి వస్తోంది.

గాలి సోకిన మాట నిజమే. అది అన్నయ్య కారు గాలి.

పైపు మార్పించాను. కన్నానికి వెల్డింగ్ చేయించాను. మాత్రలు పారేశాను. ఆ గొంతు మళ్ళీ వినపడలేదు.

నేను బోర్డు మీద రాసే ఆ వాయువు మనిషికి లేని గొంతులు వినిపించేలా చేస్తుందని నాకు తెలుసు. సుజాత చెప్పింది మనసులో ఉండబట్టి నాకూ అదే మాట వినపడిందనీ అనుకోవచ్చు. కానీ చంపడానికొచ్చిన విషం, బతకాలంటే ఏం చెయ్యాలో తనే ఎందుకు చెబుతుంది? నా సబ్జెక్టులో దీనికి జవాబు లేదు. సుజాతను అడిగితే, "ఎవరైతే నాకేంటండీ, ఆ కార్లో బుద్ధిగల మాట మాట్లాడింది ఆవిడొక్కతే" అంది.

అన్నయ్యను ఏమీ అడగలేదు. పైపు సంగతి చుట్టాలెవరికీ చెప్పలేదు. ఈ మధ్య పెదకాకానిలో ఒక గృహప్రవేశానికి ఆయనా, వదినా మా కార్లో వచ్చారు. వెనక కూర్చున్నారు. నేను అద్దాలెత్తి, వెనకవాళ్ళు దించలేకుండా నా వైపున్న మీట నొక్కి లాక్ చేశాను.

"ఒరేయ్, అద్దం దించరా."

"మిర్చి లారీలన్నయ్యా. ఘాటు."

"ఘాటు పర్లేదులేరా, దించు."

"ఊరుకోండి, పట్టుచీర మీద దుమ్ము పడుద్ది" అంది వదిన.

ఏసీలో ఆయనకు చెమటలు. గొంతు తగ్గించి అడిగాడు. "ఏరా, ఆ సైలెన్సర్ పైపు... మార్పించావా?"

"ఏ పైపన్నయ్యా?" అన్నాను.

వదిన ఆయన వైపు తిరిగింది. "ఏ పైపండీ?"

సుజాత ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. పెదకాకాని దాకా ఆయన తలుపు సందుకు ముక్కు ఆనించి వచ్చాడు. నేను ఒక్క లారీని కూడా దాటకుండా తాపీగా నడిపాను.

మార్పించానని ఇప్పటికీ చెప్పలేదు.