డచ్ క్రియలకు కోహీర్ చుట్టాలు

జహీరాబాద్‌లో అక్క ఇంటి నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో డచ్ క్రియలు వల్లె వేస్తున్నాను. మర్నాడే పరీక్ష. అది పాసైతేనే నెదర్లాండ్స్‌లో నర్సు ఉద్యోగం. కాకినాడలో మొదలుపెట్టిన చదువు, ఒక్క మాటా బుర్రకెక్కలేదు.

పక్క సీట్లో ఒకామె, కాళ్ల దగ్గర అల్లం మూటతో కూర్చుంది. "ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగితే చెప్పాను.

"గట్ల గొణిగితే యాదికుండదు. ఒక్కో పనికి ఒక్కో మనిషిని కట్టు. మా ఇంటోళ్లను తీస్కో."

'స్లాపెన్' అంటే నిద్రపోవడం. దాన్ని వాళ్ల బావకు కట్టింది. 'ఏటెన్', అంటే తినడం, అల్లుడికి. అబద్ధమాడడానికి 'లీఖెన్' అంటారనగానే, ఆలోచించకుండా తోడికోడలికి ఇచ్చేసింది. నోరు మూసుకోవడం దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.

"గా పని మా ఇంట్ల ఎవ్వరికి రాదు. ఇడిసిపెట్టు."

కోహీర్ దారి దగ్గర బస్సు ఆగింది. మూట దింపుకోవడానికి ఒకాయన ఆవులిస్తూ వచ్చాడు. "మా బావ," అని ఆమె అనగానే నా నోటి నుంచి "స్లాపెన్" అని వచ్చేసింది.

"ఏమంటున్నది?" అన్నాడాయన.

"పెద్దమనిషి అంటున్నది బావా," అందామె, రెప్ప వేయకుండా.

ఆయన నాకు దండం పెట్టాడు. నేను 'లీఖెన్'ను తోడికోడలి నుంచి విప్పి ఆమెకే కట్టేశాను.