కొంగ రెక్కల కొలత

టేపు బాబాయి దేన్నీ కళ్ళతో చూసి నమ్మడు, కొలిచి నమ్ముతాడు. పురపాలక సంఘంలో నిబంధనల ఇన్‌స్పెక్టరు. నడుముకి బెల్టు మరిచిపోయిన రోజులున్నాయి గానీ టేపు మరిచిపోయిన రోజు లేదు. పెళ్ళైన కొత్తలో స్నేహితుడొకడు మీ ఆవిడ ఎలా ఉంటుందని అడిగితే, "ఐదడుగుల రెండంగుళాలు" అన్నాడట. ఆవిడకి ఆ కోపం ఇప్పటికీ పోలేదు. జుట్టుముడిని లెక్కలో వెయ్యలేదని.

ఏటా ఊరి వార్షికోత్సవానికి అలంకరించిన బండ్ల ఊరేగింపు ఉంటుంది. కదిలే బండి తొమ్మిదడుగుల వెడల్పు మించకూడదని నిబంధన. ఎత్తుకీ ఒక లెక్కుంది. ఒక ఏడాది రొట్టెల దుకాణం వాళ్ళ బండి మీద కూర్చున్న లావుపాటి యజమాని మోచేతులు గీత దాటాయని, ఆయన్ని చేతులు కట్టుకుని కూర్చోమని ఊరంతా తిప్పించాడు బాబాయి. ఆయన ఒక్కరికీ చెయ్యి ఊపలేకపోయాడు పాపం.

ఊరేగింపు బయల్దేరే గేటు దగ్గర కొలవడంతో పోతుందా? సగం దారిలో, పెద్దాసుపత్రి ముందు మళ్ళీ ప్రతి బండినీ ఆపుతాడు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఇంతలోకే బండి ఏమన్నా లావెక్కుతుందా అని జనం సణుక్కునేవారు.

అందరికంటే ఎక్కువ సణిగింది వడ్రంగి. అతను బండి మీద కట్టిన పడవ నాలుగువేళ్ళు ఎత్తు ఎక్కువైందని ఒక ఏడు, కోట రెండంగుళాలు వెడల్పైందని మరో ఏడు గేటు దగ్గర్నుంచే ఇంటికొచ్చేశాయి. ఈసారి ఎనిమిది నెలలు కూర్చుని కొంగని చేశాడు. తాడు లాగితే రెక్కలు విచ్చుకుంటాయి. ఇదీ వెనక్కొస్తే పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచేస్తానని భార్య ముందే చెప్పింది. ఆవిడ మాటంటే మాటే.

గేటు దగ్గర రెక్కలు ముడిచిన కొంగ ఎనిమిదడుగుల పదకొండంగుళాలు తేలింది. వడ్రంగి ఉబ్బిపోయి తాడు లాగాడు. బాబాయి టేపూ లాగాడు.

"పదమూడున్నర. రోడ్డు మీద కదులుతూ రెక్క విప్పావో, కొంగ ఇంటికే."

"రెక్క విప్పకపోతే అది కొంగలా ఉండదు సారూ, గోనెసంచిలా ఉంటుంది."

"గోనెసంచికి నిబంధన అడ్డు రాదు."

అలా బయల్దేరింది కొంగ, రెక్కలు ముడుచుకుని. ఒంటెకి ముక్కు మొలిచిందేమిటని ఒకడన్నాడు. పక్కవాడు కాదు, పొడుగు బాతు అన్నాడు. వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. కాలిబాట మీద నిలబడ్డ భార్య కొంగని కట్టెల మోపుని చూసినట్టు చూస్తోంది.

ఆసుపత్రి ముందు బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. చక్రాలకి రాళ్ళు పెట్టించాడు.

"రెక్కలు విప్పు."

"విప్పొద్దన్నారుగా."

"కదిలే బండికి అన్నాను. ఇది ఆగిన బండి. ఆగిన బండిని పూర్తిగా తనిఖీ చెయ్యాలి. అదీ నిబంధనే."

వడ్రంగి తాడు లాగాడు. రెక్కలు ఫెళ్ళున విచ్చుకున్నాయి. అంతే, ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కేకలు, ఈలలు. తలెత్తి చూస్తే పై అంతస్తులో ఎముకల వార్డు. మంచాలన్నీ కిటికీల దగ్గరికి చేరి ఉన్నాయి. వేలాడదీసిన పిండికట్టు కాళ్ళన్నీ ఉయ్యాలల్లా ఊగుతున్నాయి. ఎవరో ముసలాయన చేతికర్రతో మంచం కోడుని వాయిస్తున్నాడు.

నర్సమ్మ కిటికీలోంచి వంగింది. "బాబాయ్, ఆరో మంచం ఆయనకి కొంగ ముక్కు కనబడటం లేదట."

బాబాయి తలెత్తలేదు. "సోమవారం కొలిచి మంచాలకి తలవైపు రెండేసి ఇటుకలు పెట్టించాను. చాల్లేదన్నమాట" అని గొణుక్కుని, వడ్రంగి వైపు తిరిగి గట్టిగా అన్నాడు: "ముక్కు కొలవలేదు. రెక్కలు ముయ్యి, బండి నాలుగడుగులు ముందుకి."

వడ్రంగికి పదకొండేళ్ళ తనిఖీ ఒక్కసారిగా అర్థమైంది. రాళ్ళు తీసి, బండి జరిపి, మళ్ళీ రాళ్ళు పెట్టాడు. ఈసారి సారూ అనలేదు.

"బాబాయ్, ఎడమ రెక్క కొలత మీద నాకేదో అనుమానంగా ఉంది."

బాబాయి మొహంలో ఒక్క గీత కదల్లేదు. "అనుమానం ఉండకూడదయ్యా. మూడుసార్లు విప్పు."

కొంగ మూడుసార్లు కాదు, ఏడుసార్లు రెక్కలు విప్పింది. వెనక ఆగిపోయిన బ్యాండువాళ్ళు ఊరికే నిలబడటం దేనికని అక్కడే వాయించేశారు. రొట్టెల యజమాని, బండి ఆగి ఉంది కదా అని, అప్పట్నుంచీ ఏటా కట్టుకుంటున్న చేతులు విప్పి తనివితీరా ఊపాడు.

ఆ సాయంత్రం పొయ్యిలోకి మామూలు కట్టెలే వెళ్ళాయి. ఊరేగింపుకి రాలేకపోయిన పక్కింటావిడ కొంగ ఎలా ఉందని అడిగితే, వడ్రంగి భార్య నడుం మీద చెయ్యి వేసుకుని చెప్పింది:

"పదమూడున్నర అడుగులు."